తారు తొక్కని ప్రయాణం

కావలి నుంచి ఇసకపల్లికి కారులో పోతే వెనక సీట్లో పిల్లలు కిటికీ కోసం ఒక పోట్లాట మొదలుపెట్టి ముగించేలోపు చేరిపోవచ్చు. మా వదినా నేనూ అంత దూరానికే రెండు రాత్రులు దారిలో పడుకున్నాం. అప్పటికీ ఇసకపల్లి చేరామా అంటే, లేదు. ఎందుకు చేరలేదో చెప్పాలంటే ముందు మా వదిన సంగతి చెప్పాలి.

మా వదిన కామాక్షి పల్లెల్లో తిరిగే నర్సు. టీకాలకూ కాన్పులకూ ఇంటింటికీ సైకిల్ మీదే పోయేది. పోయినేడు కోతలప్పుడు రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి పెట్టారు. మా వైపు ఇది మామూలే. లారీలూ ట్రాక్టర్లూ వాటి మీదుగానే పోతుంటాయి, వడ్ల ఆసామి కూడా ఏమీ అనుకోడు. మా వదిన మాత్రం అనుకుంటుంది. తినే గింజ మీద చక్రం ఎక్కించడం పాపం కదా! లక్ష్మీదేవికి దారి ఇచ్చి తను రోడ్డు నడిమధ్యకు జరిగింది. వెనక నుంచి వచ్చిన కారు అద్దం తగిలి భుజం ఎముక విరిగింది.

ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. తారురోడ్డు కనిపిస్తే చాలు, దిగి సైకిల్‌ను నడిపించుకుంటూ పోయేది. డ్యూటీకి ఆటోలో పోసాగింది. ఆటో ఆగే చోటికీ కాన్పు ఇంటికీ మధ్య మైలెడు పొలాలుంటే ఎండలో నడిచేది. మా అన్నకు అది చూడబుద్ధి కాలేదు. సైకిల్‌ను పాలాయనకు అమ్మేస్తానని మాటిచ్చాడు. సోమవారం వచ్చి తీసుకుపోతానన్నాడు ఆయన.

ఆ వారమే వదిన నా గాజుల కొట్టుకొచ్చి స్టూలు మీద కూలబడింది.

"సుజా, తారురోడ్డు లేకుండా గట్ల మీద, డొంకల్లో తొక్కుకుంటా పోయే దారులుండవా? ఉంటే సైకిల్ ఉంచుకుంటా. లేదంటే పాలాయన తీసకపోనీ, నేనూ ఆఫీసులో కూర్చునే పని అడుక్కుంటా" అంది.

పల్లెల్లో పిల్లల్ని ఎత్తుకోకుండా ఈవిడ ఆఫీసులో కుర్చీ మీద కూర్చోవడం! నాకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినప్పుడు నేను గొప్పలు చెబుతాను. "సముద్రం ఒడ్డున కావల్సినన్ని దారులు. పద, చూపిస్తా" అన్నాను. నేను సైకిల్ తొక్కి చాలా ఏళ్లయిందని ఆ క్షణాన గుర్తు రాలేదు.

అన్న ఒప్పుకున్నాడు గానీ వదిన చేత తన తల మీద చెయ్యి పెట్టించుకుని, తారు తొక్కనని ఒట్టు వేయించుకున్నాడు. అడ్డం వస్తే దిగి, నడిపించుకుంటూ దాటొచ్చట. నేను పక్కింటి అమ్మాయి గులాబీ రంగు సైకిల్ అడిగి తెచ్చుకున్నాను. ముందు బుట్టకు రెండు ప్లాస్టిక్ పూలు కూడా ఉన్నాయి. ఉగాది వెళ్లిన వారానికి, అవి ఊపుకుంటూ బయల్దేరాం.

తుమ్మలపెంట దారి

కావలి దాటడానికే పొద్దంతా పట్టేలా కనిపించింది. తారు లేని సందులు వెతుక్కుంటూ పోతే వాళ్ల పెరట్లోకీ వీళ్ల పశువుల కొట్టంలోకీ తేలాం. ఒకావిడ బట్టలు ఆరేస్తూ, "ఎవురు కావాలమ్మా?" అని అడిగింది. దారి కావాలన్నాను. "రోడ్డు ఎదురుంగానే ఉండాదే!" అని చూపించింది. మా వదిన రోడ్డు వైపు చూసి, పాము కనిపించినట్టు ముఖం తిప్పుకుంది.

గట్ల మీద, డొంకల్లో లారీలుండవు, నిజమే. కుక్కలుంటాయి. రోడ్డు మీద కుక్క నాలుగు మొరుగులు మొరిగి తన పని చూసుకుంటుంది. డొంకలో కుక్కకు మాత్రం ఆ దారి తాత ముత్తాతల ఆస్తి. దాని హద్దు దాటేవరకు సాగనంపింది. అది సాగనంపుతుంటే నేను తొక్కిన తొక్కుడుకు నా సైకిల్ పూలల్లో ఒకటి రాలిపోయింది.

కుక్కల తర్వాత సర్కారు తుమ్మ. ముల్లు దిగి వదిన వెనక టైరు తుస్సుమంది. పంక్చర్ కొట్టు వెతుక్కుంటూ నడిపించుకుపోయాం. అతుకు వేసే ఆయన టైరులోంచి ముళ్లు పీకి వరసగా అరచేతిలో పెట్టి చూపించాడు.

"నున్నటి రోడ్డు పెట్టుకోని ఈ కంపలో ఏం పనమ్మా మీకు?"

"రోడ్డు మీద ప్రాణానికి భయం అన్నా" అన్నాను.

"మంచిదే. నాకు బేరం" అన్నాడు. కావలిలో అడిగే దానికన్నా ఇరవై తక్కువే తీసుకున్నాడు. పక్కనే తాటిముంజలు అమ్మే ఆవిడ పన్నెండు వంద అంది. మేము ముళ్ల కథ చెప్పాక జాలిపడి రెండు కొసరేసింది.

కాలువ గట్టు మీద

మధ్యాహ్నం దాటాక బకింగ్‌హాం కాలువ గట్టెక్కాం. అక్కడ మాత్రం నా గొప్పలకు కాస్త విలువ దొరికింది. ఒక పక్క నీళ్లు, ఒక పక్క సరుగుడు తోపులు, తోపుల అవతల సముద్రం హోరు. హారన్ లేదు. వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన పని లేదు. ఏడాదిగా బిగబట్టుకున్న మా వదిన భుజాలు అక్కడ వదులయ్యాయి. నేను వెనకుండి చూశాను గనక చెబుతున్నాను. కాసేపటికి కూనిరాగం మొదలుపెట్టింది. వదిన గొంతు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడం, అయినా ఆ రోజు ఆ పాట నాకు బాగుంది.

నేను లకుముకి పిట్టను చూస్తూ ఇసుకలోకి పోయి పడ్డాను. కాసేపటికి ఏమీ చూడకుండానే పడ్డాను. వదిన ఆగి, "పడినావా? లేయ్" అనేది, అంతే. రోడ్డు మీద పడి ఉంటే ఈపాటికి జనం మూగి, నీళ్లు చల్లి, తప్పెవరిదో తేల్చడానికి రెండు జట్లుగా విడిపోయేవాళ్లు. గట్టు మీద తప్పంతా మనదే. ఎవరినీ తిట్టడానికి వీల్లేదు. అదొక్కటే నాకు కష్టంగా తోచింది.

ఆ రాత్రి జువ్వలదిన్నెలో పోలమ్మ ఇంట్లో పడుకున్నాం. పోలమ్మ కొడుకు పుట్టినప్పుడు మా వదినే మంచం పక్కన ఉందట. అందుకని మామిడికాయ వేసి చేపల పులుసు చేసింది. మా ఇంట్లో చేప తల మగవాళ్ల కంచంలోకి పోతుంది. ఎందుకో ఎవరూ అడగరు. పోలమ్మ తలను తన కంచంలో వేసుకుని, వాళ్లాయన ముందే తీరిగ్గా చీకింది.

"మీ ఆయనకు వద్దా?" అన్నాను.

"వొండింది నేను. తలకాయ వొండినోళ్లదే" అంది. ఆయన తోక ముక్క తింటూ తల ఊపాడు. ఈ ఆచారం కావలికి తీసుకుపోదామని నేనూ వదినా అక్కడికక్కడే తీర్మానించుకున్నాం.

వల తాడు

మర్నాడు పొద్దున పోటు తగ్గిన ఇసుక మీద తొక్కాం. తడి ఇసుక సిమెంటు నేలలా గట్టిగా ఉంది. వదిన ముందు, నేను వెనక. దారికి అడ్డంగా లావుపాటి తాడొకటి వచ్చింది. సముద్రంలోంచి వస్తోంది. దాన్ని పట్టుకుని వరసగా జనం వెనక్కి వంగి లాగుతున్నారు. ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల అది. నేను సైకిల్ ఎత్తి తాడు అవతల పెట్టి, చీర పైకి పట్టుకుని తాడు దాటాను.

"అమ్మే! ఆగు!" అని ఒక ముసలాయన అరిచాడు.

లాగేవాళ్లంతా నా వైపే చూశారు. నీళ్లలో ఉన్న వల తాడును ఆడవాళ్లయినా మగవాళ్లయినా దాటకూడదట. దాటితే చేప దాటిపోతుందట.

"తెలీక దాటినా పెద్దాయనా. ఇప్పుడెట్టా? మళ్లీ ఇటు దాటేదా?"

"రెండోసారి దాటితే ఉన్నవీ పోతాయి. తాడు దాటినోళ్లు తాడు పట్టాల. రా, పట్టు."

పట్టాను. వదినకు భుజం సాకు ఉంది గనక ఇసుకలో కూర్చుని నన్ను చూసి నవ్వింది. నవ్వడమే కాదు, "బిన్నా లాగు, బిన్నా లాగు!" అని వాళ్లతో కలిసి అరిచి తొందర పెట్టింది. నా అరచేతులు మండిపోయాయి. చివరికి వల ఒడ్డుకొస్తే బుట్టెడు కవళ్లనే చిన్న చేపలు, కాసిన్ని నాచు తుక్కులు. ముసలాయన నన్నొకసారి చూసి, నా వంతు కింద గుప్పెడు కవళ్లు కవర్లో వేసి ఇచ్చాడు. చేపలు తక్కువ పడింది నా వల్లే అన్న సంగతి ఆ గుప్పెడులోనే తెలిసింది.

కవర్ను సైకిల్‌కు తగిలించాను. ఫర్లాంగు పోయామో లేదో, వెనకే కుక్కలు. నిన్నటి కుక్కలు మమ్మల్ని వెళ్లగొట్టాయి, ఇవాళ్టివి వదలనంటాయి. ప్రాణం కోసం నా కష్టార్జితమంతా వాటికి ధారపోశాను.

రొయ్యల గుంటలు

ఆ సాయంత్రం దారిలో ఒక సత్రం అరుగు దొరికింది. మూడో రోజు ఇసకపల్లి వైపు సముద్రం వదిలి రొయ్యల గుంటల గట్లెక్కాం. కనుచూపు మేర గుంటలే. రొయ్యలకు గాలి అందించే చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. మనిషి అలికిడి లేదు. వదిన కళకళలాడుతోంది. సోమవారం పాలాయనకు ఏం చెప్పాలో కూడా అనుకుంటోంది. నేను చూపించిన దారులు ఆమెకు సైకిల్‌ను మిగిల్చినట్టే అనిపించి నా ఒళ్లు పొంగిపోయింది. వదినను దాటి ముందుకు తొక్కాను.

"చూసినావా వదినా, ఈడ మనల్ని గుద్దేదెవరు? కొంగలా?" అని వెనక్కి తిరిగి అరిచాను.

కొంగలు గుద్దలేదు. కొంగలు వాలకుండా గుంటల మీద కట్టిన నైలాన్ దారం గుద్దింది. సన్నటిది, ఎండలో కంటికి ఆనదు. గట్టు దాటించి ఇవతల గుంజకు కట్టారు. అది నా భుజానికి తగులుకుంది. సైకిల్ ముందుకు పోయింది, నేను పోలేదు. గట్టు మీంచి దొర్లి, గుంట అంచున కట్టిన రాళ్ల మీద కుడిచెయ్యి ఆన్చుకుని పడ్డాను. 'పడినావా? లేయ్' అన్న మాట ఈసారి వినిపించలేదు.

వదిన పరుగెత్తుకొచ్చి నా చెయ్యి చూసింది. మణికట్టు వంకర పోయింది. చెట్టు కొమ్మ విరిచి, తన కొంగు చింపి కట్టు కట్టింది.  నా వేళ్లను పట్టుకుని గోళ్లు నొక్కి చూసినప్పుడు ముఖం మారింది.

"వేళ్లు చల్లబడతాండాయిమే. తొందరగా పోవాల."

గుంటలకు కాపలా ఉండే వెంకయ్య వచ్చాడు. ఫోన్లు అక్కడ పనిచేయవట. గట్టు మెత్తన గనక ఆటో తన పాక దాకానే వస్తుందట. ఆటో కావాలంటే తారురోడ్డెక్కి అల్లూరు వైపు పోవాలట. ఆయనకు సైకిల్ రాదు, మోకాలు నొప్పితో నడకా అంతంతే.

వదిన నా వైపు చూసింది, గట్టు చివరకు చూసింది. పమిట బిగించింది. సైకిలెక్కి పోయింది.

వెంకయ్య నన్ను పాకలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. నా నోటికి మజ్జిగ దిగలేదు. చెయ్యి నొప్పి సరే, అది నా కర్మ. రోడ్డు మీద వదిన ఎట్లా ఉందో, దిగి నడుస్తోందో, వణికి పడిపోయిందో, ఏ లారీ అయినా వెనక నుంచి... మా అన్న ముఖం గుర్తొచ్చింది. నా చెయ్యి పోతే పోనీ, ఆమె క్షేమంగా తిరిగొస్తే చాలని గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాను. ఆ అరగంటలో నేను పడ్డ భయం గట్టు మీంచి పడ్డప్పుడు కూడా పడలేదు.

"అంత మొక్కుకుంటాండావు, ఆయమ్మ రోడ్డు మీద తొక్కలేదా?" అన్నాడు వెంకయ్య.

"పోయినేడు గుద్దేశారు. అప్పటినుంచి తొక్కలేదు."

"అట్టనా!" అని ఆయన కూడా పాక బయటకు పోయి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

చివరికి ఆటో కనిపించింది. దాని ముందు మా వదిన, సైకిల్ మీద! ఆటో ఆమె వెనక బుద్ధిగా, పెళ్లి ఊరేగింపులో కారులా నడిచి వస్తోంది. ఆటో అబ్బాయి దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

"సైకిల్ టాపు మీద ఏస్తా, ఎక్కమ్మా అంటే, కట్టేలోపు ఆలస్యమవతాదని ఎక్కలా. మా పిన్నమ్మోళ్లు రోడ్డు మీద వడ్లు ఆరబోసుండారు. ఎదురుంగా ఇటికల లారీ. ఈయమ్మ వడ్ల మీదనే తొక్కుకుంటా వచ్చేసినాది! దాటినాక దిగి, వడ్లకు దండం పెట్టి మళ్లా ఎక్కినాది!"

నేను వదిన ముఖం చూశాను. చెమటలు కారుతున్నాయి. రవికె అంతా తడిసింది.

"ఏం చూస్తాండావు? నీ మూలాన రెండు పాపాలు చేసినా. గింజ తొక్కినా. మీ అన్న తల మీద ఒట్టు తప్పినా. రెండూ నీకే రాసుకో. గమ్మున ఆటో ఎక్కు!"

అల్లూరు

డాక్టర్ గారు ఎముక సరిచేశారు. నేను వేసిన కేకకు బయట బెంచీ మీద వాళ్లు లేచి నిలబడ్డారట. తర్వాత వేళ్లకు రంగొచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే చిక్కయ్యేదని ఆయన వదినతోనే అన్నారు, నాతో అనలేదు. నేను కట్టుతో ఒక ఇడ్లీని మూడుసార్లు కింద పడేసుకున్నాక వదినే నాకు తినిపించింది.

"రోడ్డు మీద భయమేసిందా?" అన్నాను.

"భయమేసిందిమే.  లారీ కనపడంగానే, అలవాటుగా, వడ్లు తప్పించుకోని నడిమజ్జకు పోబోయినా. పోయుంటే అయిపోయేదాన్ని. అప్పుడనిపించినాది, పోయినేడు నన్ను గుద్దింది కారే, కానీ కారు ముందరకు పోయి నిలబడింది నేనే. లక్ష్మీదేవి నన్ను చావమని ఎప్పుడైనా అడిగినాదా?"

నేను చెప్పగలిగింది చెబుతాను. గట్టు మీద మనల్ని పడేసేవాడు లేడు, పడితే లేపేవాడూ లేడు. రోడ్డు మీద ఇద్దరూ ఉన్నారు. ఏది మేలో మీరే తేల్చుకోండి. నన్నడిగితే, నా కట్టు చూపించి ఊరుకుంటాను.

సాయంత్రానికి అన్న ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. నా చెయ్యి చూసి కళ్లు తుడుచుకున్నాడు. "గట్ల మీదనే కదా పోయినారు?" అన్నాడు. వదిన దాచలేదు. ఒట్టు తప్పానని, వడ్లు తొక్కానని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"తల ఉందో లేదో తడిమి చూసుకో అన్నా" అన్నాను నేను.

ఆయన నవ్వలేదు. ఆటో అబ్బాయి తెచ్చి దించిన సైకిళ్లు రెండూ ట్రాలీలో వేసి, "ఎల్లుండి సోమవారం. పాలాయన వస్తాడు" అన్నాడు. 

మా అన్న ఇల్లు

చెయ్యి బాగయ్యేదాకా నన్ను వాళ్లింట్లోనే ఉండమన్నారు. సోమవారం పొద్దున పాలాయన వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అన్న పెరట్లోకి పోయాడు. చాలాసేపటికి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

"సైకిల్ లేదు" అన్నాడు నాతో.

"వదిన డ్యూటీకి పోయింది."

"చెప్పకుండానా?"

"చెబితే ఒట్టు పెట్టిస్తావని."

ఆయన గేటు దగ్గరికి పోయి పాలాయనతో ఏదో చెప్పాడు. పాలాయన తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. అన్న వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను ఎడం చేత్తో కాఫీ తెచ్చి పక్కన పెట్టాను. ముట్టుకోలేదు.

"ఏ దారిన పోయినాది?"

"రోడ్డు మీదనే అన్నా. ఇంకే దారుంది?"

"వడ్లు ఆరబోసుంటారే."

"ఉంటారు."

మా అన్న అన్నం మెతుకు నేల రాలితే తీసి కళ్లకద్దుకునే మనిషి. కళ్లంలో అడుగు పెట్టాలంటే చెప్పులు బయటే విప్పుతాడు. అలాంటి మనిషి నన్నడిగాడు.

"పక్కకు జరగబాకు, వడ్ల మీదనే తొక్కుకుంటా పొమ్మని చెప్పినావా?"

నేను చెప్పలేదన్నాను. ఫోన్ చేసి చెప్పమన్నాను.

"సైకిల్ మీదుండేటప్పుడు ఫోన్ చేస్తే ఎట్టామే? చూపు తప్పదా?" అని కసురుకుని, ఆ మాట తనే చెబుదామని చెప్పులు వేసుకుని, రోడ్డు వైపు నడిచాడు.